ఎదురింటికి యూటర్న్

నమోదు 1

నడక సంఘం సభ్యుడు ఓదెలు రాస్తున్న దినచర్య ఇది. మా సంఘంలో ముగ్గురమే ఉన్నాం, అందులో ఒకడికి మోకాళ్ల నొప్పి. అయినా సరే. లోకంలో ప్రతి పెద్ద సంఘమూ ఒక చిన్న గదిలో మొదలైందని కరపత్రం నంబరు రెండులో ఉంది. దాన్ని ఎవరు రాశారో తెలియదు కానీ నాకు కంఠతా వచ్చు.

మా ఇల్లు తొమ్మిదో రింగు రోడ్డు అంచున ఉంది. కిటికీ తెరిస్తే పన్నెండు వరుసల రోడ్డు, దాని అవతల నఫీసా ఆపా ఇల్లు. ఆమె దగ్గితే మాకు వినపడదు కానీ, దగ్గడానికి వంగితే కనపడుతుంది. అంత దగ్గర.

ఈ రోజు ఆపా మా స్వరూపక్కను చూడడానికి వచ్చింది. బండెక్కి, ఎడమకు పోయి, చక్కెర ఫ్యాక్టరీ దగ్గర యూటర్న్ తీసుకుని, మళ్లీ అంతదూరం వెనక్కి. పొద్దున బయల్దేరితే అన్నం వేళకు చేరింది. మరి రోడ్డు మీద కాలు పెట్టడం నేరం కదా! ఒకప్పుడు కాలిబాటలని ఉండేవట. వాటిని కలుపుకున్నాకే రోడ్డుకు పదకొండో వరుసా పన్నెండో వరుసా వచ్చాయి.

ఆపా ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సు. అక్క పొట్ట మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది.

"బిడ్డ మంచిగున్నది. ఇంక నెలన్నర ఉన్నది బేటా. తొమ్మిదో నెల పడంగనే సంచి సర్దుకొని వస్త. కాన్పయ్యేదాక మీ ఇంట్లనే ఉంట."

"ఈసారి బండిల కనను ఆపా," అంది అక్క.

"బండిల ఎందుకు కంటవ్? నేనున్న కదా."

మొదటిసారి దవాఖానకు పోతుంటే యూటర్న్ దగ్గర జాములో ఇరుక్కున్నారు. అక్కడే బండిలోనే కన్నది అక్క. ఆ పాప ఏడవలేదు. అప్పటినుంచి అక్క బండెక్కలేదు. రెండో రింగులో పనిచేసే బావ వారానికోసారి వస్తాడు. అక్కకు తోడు నేనే.

నాకైతే రక్తం ఉడికిపోతుంది. కళ్లముందున్న ఇంటికి సగం రోజు ప్రయాణం! ఈ నగరాన్ని కట్టినవాళ్లకు ఎదురిల్లు అనే మాటే తెలియదా?

నమోదు 3

ఈ దినచర్య ఎప్పటికైనా మన తర్వాతి తరం చదువుతుంది కాబట్టి స్లాటు గురించి రాయాలి. నా పేర ఆరుంబావు స్లాటు ఉంది, అయిదో వరుస. నాన్న పోయాక నాకు మారింది. ప్రతిరోజూ అదే వేళకు, అదే వరుసలో, అదే చోట మన బండి నడవాలి. బండ్లు వాటంతటవే నడుస్తాయి. స్టీరింగు ఉండేచోట జనం బియ్యం డబ్బా పెట్టుకున్నారు. నేను బ్యాటరీలు మార్చే నాలుగో రింగు అడ్డాకు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. నత్తనడకే, కానీ బండ్లు పూర్తిగా ఆగవు. బండికీ బండికీ నడుమ జానెడు సందు.

అలా ఏళ్ల తరబడి పక్కపక్కనే పోతుంటే వరసలు కలుస్తాయి. నా ఎడమ కిటికీ భూదేవత్త. నాన్న పక్కన బడి బ్యాగుతో కూర్చున్ననాటి నుంచి నేను ఆమెకు తెలుసు. బండిలోనే తొక్కుడు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కుడి కిటికీ కనకయ్య పెదనాన్న. ఆయన రోజూ మూడో మలుపు దగ్గర గడ్డం గీసుకోవడం మొదలుపెట్టి, ఫ్లైఓవర్ దిగేసరికి ముగిస్తాడు.

కిటికీల్లోంచి గిన్నెలు తిరుగుతుంటాయి. అత్త పప్పు నాకు, నా పచ్చడి పెదనాన్నకు, ఆయన ఇంటి అట్లు ఇంకో వరుస అవతలికి. ప్రతి స్టీలు గిన్నె మీదా పేరు చెక్కి ఉంటుంది. తీసుకున్న గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు. కనీసం రెండు పచ్చిమిరపకాయలైనా వేయాలి. రాయని చట్టం.

ఈ రోజు నేను స్వయంగా రాసిన మొదటి కరపత్రం అందరికీ పంచాను. "కూర్చున్న జనులారా! మీకు కాళ్లెందుకు?" అని మొదలవుతుంది.

భూదేవత్త చదివి, తిప్పి వెనకవైపు చూసింది. అటువైపు ఖాళీ.

"కాళ్లెందుకంటవేందిరా? మిషన్ తొక్కనీకె."

"అత్తా, ఇది నవ్వులాట కాదు. మనం నడవడం మర్చిపోయినం!"

"నడిస్తే ఈ ఇరవై జాకెట్లు ఎవడు కుడతడు, నీ సంఘం కుడతదా? ఇగో, గోంగూర పట్టు. గిన్నె రేపు మర్చిపోకు."

పెదనాన్న అయితే కరపత్రానికి గడ్డం నురగ తుడుచుకున్నాడు. కాగితం మంచిగా పీల్చుకుంటోందని మెచ్చుకున్నాడు కూడా.

కూర్చున్న జనం! వీళ్లను నమ్ముకుని ఏ ఉద్యమమూ సాగదు.

నమోదు 6

బండి అద్దం మీద సందేశం వచ్చింది: నగరం పెరుగుతున్నందుకు సంతోషిస్తూ తెలియజేయునది, మీ యూటర్న్ ముందుకు జరిగింది.

చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ఉన్నది ఇప్పుడు రాళ్ల క్వారీల దగ్గరికి పోయింది. ఎదురిల్లు ఇంకా దూరమైంది. ఇల్లు మాత్రం అక్కడే ఉంది, కిటికీలోంచి ఆపా చెయ్యి ఊపుతూనే ఉంది.

అక్క ఆ మాట విని చాట ముందేసుకుంది. బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

నగర కార్యాలయానికి ఇదివరకే మేము అర్జీ పెట్టాం, మా ఇంటి దగ్గర మనుషులు దాటే చోటు కావాలని. పరిశీలించారట. దాటాలనుకునేవారి సంఖ్య సున్నా అని తేల్చారట. రోడ్డు మీద కాలు పెట్టడం నేరమైనప్పుడు దాటేవాళ్లు ఎలా కనపడతారు? నేను అరిచాను. అక్క "మెల్లగరా, లోపలున్నోళ్లు ఉలిక్కిపడుతున్నరు" అని పొట్ట పట్టుకుంది.

కరపత్రం నంబరు నాలుగులో ఒక మాట ఉంది: బండి ఎంత పెద్దదైనా మనిషి నిలబడితే ఆగి తీరాలి, అలాగే తయారుచేశారు. ఆ మాట రాత్రంతా నా చెవిలో మోగింది.

నమోదు 8

విజయం!

ఈ నగరంలో బిల్డింగు కట్టని వీధి లేదు, కడుతున్న ప్రతి బిల్డింగుకూ ఒక దిష్టిబొమ్మ ఉంటుంది. సంఘం తరఫున ఒకదాన్ని విప్పుకొచ్చాం. నా పాత గళ్ల చొక్కా తొడిగాం. ఇంకా చీకటి ఉండగానే వెదురు బొంగుతో నెట్టి మా ఇంటి ముందు మొదటి వరుసలో నిలబెట్టాం. రోడ్డు మీద మేము కాలు పెట్టలేదు. బొమ్మకు కాళ్లే లేవు. నేరం ఎక్కడ?

బండ్లు ఆగాయి! ఒక్కొక్క వరుసే తడబడి, నెమ్మదించి, ఆగింది. నేను బండిలో కూర్చుని ఏమీ తెలియనట్టు మొహం పెట్టాను. లోపల మాత్రం డప్పులు మోగాయి. రోజూ నిలబెడితే రోజూ జాము. రోజూ జామైతే దాటే చోటు ఇవ్వక చస్తారా?

భూదేవత్త చారు ఒలికింది. పెదనాన్న చెంప తెగింది. ఉద్యమంలో ఇవన్నీ తప్పవు.

నమోదు 11

బొమ్మను నిలబెట్టడం నాలుగో రోజు. బండ్లు ఆగలేదు.

మొదటి బండి కాస్త వేగం తగ్గించి, మూతితో మెల్లగా నెట్టి, బొమ్మను కాలవలోకి దొర్లించి పోయింది. వెంటనే అన్ని అద్దాల మీదా సందేశం: ఈ చోట నిలువు ఆకారాలు బొమ్మలని మా బండ్లు నేర్చుకున్నాయి. ఇకపై మీ ప్రయాణానికి అంతరాయం ఉండదు.

మొదట కోపం వచ్చింది. తర్వాత ఒక అనుమానం వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి, రోడ్డు అంచున నిలబడి, ఒక కాలు చాపి చూశాను. అది నేరమే, రాస్తున్నాను. వచ్చే బండి ఆగలేదు. తగ్గనైనా లేదు. దాని అద్దం నా ప్యాంటును మోకాలి దగ్గర చీల్చుకుంటూ పోయింది.

నగరమంతటా మనిషి కనపడితే బండి ఆగుతుంది. మా ఇంటి ముందు తప్ప. ఆ పని చేసింది నేను.

నమోదు 12

భూదేవత్త పొద్దున్నుంచీ మిషన్ తొక్కకుండా నన్నే చూసింది.

"ఆ బొమ్మ తొడుక్కున్న చొక్కా ఎవరు కుట్టిండ్రురా?"

నేను తల తిప్పుకుని పెదనాన్న వైపు చూశాను.

"కాలరు తిప్పి కుట్టుడు ఈ తొమ్మిదో రింగుల నాకొక్కదానికే వస్తది. బతుకమ్మకు నీకు కుట్టిచ్చిన. దిష్టిబొమ్మకు తొడుగుతవా?"

"అత్తా, అక్క కోసమే..."

"ఎరుకే. అందుకే ఎవ్వలకు చెప్పలే." ప్యాంటు చిరుగు చూసింది. "అది ఇప్పి ఇటియ్యి."

"ఇక్కడనా?"

"మరి ఫ్లైఓవర్ ఎక్కినంక ఇప్పుతవా? తువ్వాల లేదా నీ బండిల?"

ప్యాంటు కుట్టి, మడతపెట్టి, గిన్నెలో పెట్టి ఇచ్చింది. ఆ పూట నేను తువ్వాల చుట్టుకుని కూర్చున్నాను. పెదనాన్న అద్దంలోంచి చూసి, ఉద్యమం ఎంతదాకా వచ్చిందని అడిగాడు.

వచ్చే ఆదివారం ఆపా వచ్చేస్తుంది. అప్పటిదాకా గడిస్తే చాలు.

నమోదు 14

యూటర్న్ మళ్లీ జరిగింది. ఇప్పుడు అది పక్క జిల్లాలో ఉంది.

ఆపా ఫోనులో నవ్వింది. "రొట్టెలు కట్టుకొని శనివారమే బైలెల్లుత బేటా. ఫికర్ వద్దు."

నమోదు 15

ఎంత పొద్దుపోయినా ఈ రోజే రాయాలి.

గురువారం. ఆరు కొట్టకముందే అక్క గోడ పట్టుకుని పిలిచింది. ఉమ్మనీరు పోయింది. ఆపాకు ఫోను చేశాను. ఎదురు బాల్కనీలోకి వచ్చి నిలబడింది, సంచి చేతిలోనే ఉంది.

"నొప్పులు ఎంత సేపటికొకసారి వస్తున్నయ్?"

చెప్పాను. ఆమె కిందికి, రోడ్డు వైపు చూసింది. "ఎక్కువ టైము లేదు బేటా."

అంబులెన్సుకు చేశాను. యూటర్న్ దాటి రావాలి, మధ్యాహ్నం అవుతుంది, లేదా పేషెంటును మీ బండిలో ఎక్కించి ఎదురు పంపండి అన్నారు. బండి మాట వినగానే అక్క నా చొక్కా పట్టుకుంది. "వద్దురా ఓదెలూ. బండిల వద్దు." అంత బలం ఆమెకు ఎక్కడిదో తెలియదు. బావకు ఫోను చేశాను, రెండో రింగు నుంచి రావడానికి ఎంత సేపో ఇద్దరికీ తెలుసు.

కిందికి ఉరికాను. రోడ్డు నిండుగా ఉంది. అవతలి అంచున ఆపా నిలబడి ఉంది, తెల్ల కోటు వేసుకుని. ఇవతల నేను. రెండు చేతులూ ఊపాను. బండ్లకు నేను బొమ్మనే. గడ్డి మనిషినే. ఆపా ఒక చెప్పు రోడ్డు మీద పెట్టి, బండి అద్దం తగలబోతే వెనక్కి తూలింది. నేను "వద్దూ" అని అరిచాను. ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుంది?

అప్పుడు మా స్లాటు వచ్చింది. ఆరుంబావు. అయిదో వరుసలో నా బండి నేను లేకుండానే బుద్ధిగా పోతోంది. దాని పక్కన భూదేవత్త కిటికీ.

"ఏందిరా, బండిని పనికి పంపి నువ్విక్కడున్నవ్?"

"అత్తా! అక్కకు నొప్పులత్తా! ఆపా అవతలనే ఉన్నది! బండ్లు ఆగుతలేవు!"

ప్రతి బండి పైకప్పుకూ ఒక ఎర్ర తాడు ఉంటుంది, ఆపుడు తాడు. మన బండిలో మనకు ప్రాణం మీదికొస్తేనే లాగాలి. వేరే కారణానికి లాగితే స్లాటు రద్దు. ఏ అర్ధరాత్రో, ఏ మూల వరుసలోనో కొత్త స్లాటు వేస్తారు. అంటే కిటికీ బంధువులందరూ దూరమవుతారు. అందుకే ఆ తాడును ఎవరూ ముట్టుకోరు. చాలా బండ్లలో దానికి మల్లెపూలు వేలాడుతుంటాయి.

అత్త ఆలోచించలేదు. పూలతో సహా లాగింది.

ఆమె బండి ఆగింది. ఆ వెనకవి ఆగాయి. ఆమె కుడివైపు కిటికీకి తిరిగి, నా ఖాళీ బండి మీదుగా, గిన్నె అందించేటప్పుడు పిలిచే గొంతుతోనే పిలిచింది: "కనకయ్య బావా! లాగు! మన స్వరూపకు నొప్పులు!" పెదనాన్న సగం గడ్డం నురగతో తాడు లాగాడు. ఎడమవైపు వాళ్లకు కూడా మాట పోయింది. పచ్చడి ఏ దారిన పోతుందో ఆ దారినే, కిటికీ నుంచి కిటికీకి. ఒక్కొక్క వరుసా ఊపిరి వదిలినట్టు ఆగింది. తాడు లాగే మనిషి లేక కదులుతున్నది నా బండి ఒక్కటే. దాని ముందు పెదనాన్న తలుపు తీసి అడ్డంగా పెడితే అదీ ఆగింది.

కానీ ఆరు వరుసలే మావి. డివైడరు అవతలి ఆరూ ఎదురు వరుసలు. నైటు డ్యూటీ దిగి ఇళ్లకు పోయే జనం. వాళ్లకూ మాకూ ఏ వరసా లేదు. వాళ్ల గిన్నెల మీది పేర్లు మాకు తెలియవు. నా కరపత్రంలో వాళ్లను ముఖాలు లేని జనమని రాశాను.

ఒక బండిలో నిద్ర కళ్లతో ఒక అమ్మాయి కిటికీకి తల ఆనించి ఉంది. ఇటు ఆరు వరుసలు ఆగి ఉండడం చూసి లేచి కూర్చుంది. రోడ్డు అంచున తెల్లకోటు ముసలామెను చూసింది. ఎవరూ ఆమెను అడగలేదు. అడిగే దారీ లేదు. ఆమె తాడు లాగింది. ఆ తర్వాత ఆమె ముందువాడు. పక్కవాడు.

ఆగింది రోడ్డు. మొత్తం.

నఫీసా ఆపా దాటింది. చేతిలో సంచితో, రబ్బరు చెప్పులతో, బండ్ల మూతుల మధ్యనుంచి పక్కకు తిరిగి నడుస్తూ. నా జీవితంలో రోడ్డు దాటిన మనిషిని మొదటిసారి చూశాను. కిటికీల్లోంచి చేతులు చాపి ఆమెకు అందించారు, ఒకరు వేడినీళ్ల ఫ్లాస్కు, ఒకరు ఉతికిన నూలు చీర. భూదేవత్త తన పెద్ద కత్తెర ఇవ్వబోయింది. "అది వద్దమ్మా, నా తాన ఉన్నది," అంది ఆపా ఆగకుండానే.

మా మెట్లెక్కేటప్పుడు నా వీపు మీద ఒక్కటి వేసింది. "ఏడుస్తవేంది? నీళ్లు కాగబెట్టు, పో!"

తలుపు మూశారు. కిటికీ మాత్రం తెరిచే ఉంది. అక్క అరుపు పన్నెండు వరుసలకూ వినపడింది. బండ్లు మళ్లీ కదలడానికి నగరం ఎప్పుడు అనుమతిస్తుందో అందరి అద్దాల మీదా లెక్క నడుస్తోంది. ఎవరూ అటు చూడలేదు. అందరూ మా కిటికీ వైపే చూస్తున్నారు.

ఏడ్చింది. పాప ఏడ్చింది!

నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అనబోయాను. ఇన్ని కరపత్రాలు చదివినవాణ్ణి, ఒక్క మాట రాలేదు. రెండు చేతులూ పైకెత్తాను. కింద ఎవరో గరిటెతో గిన్నె మీద కొట్టారు. తర్వాత ఇంకొకరు. తర్వాత రోడ్డంతా గిన్నెలే. ఎదురు వరుసల్లో కూడా.

నమోదు 16

అక్కా పాపా క్షేమం. బావ రాత్రికి చేరాడు, పాపను ఎత్తుకోవడానికి భయపడి ముందు నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఆపా మా ఇంట్లోనే ఉంది. చారులో పులుపు చాలలేదని నన్ను తిడుతోంది.

నమోదు 18

సందేశాలు వచ్చాయి. తాడు లాగిన అందరి స్లాట్లూ రద్దు. భూదేవత్తకు తెల్లవారుజాము, పెదనాన్నకు ఎర్రటి ఎండలో పన్నెండో వరుస. మిగతావాళ్లు తలా ఒక దిక్కు. ఎదురు వరుస అమ్మాయికి ఏ వేళ వేశారో కూడా తెలియదు.

నా స్లాటు రద్దు కాలేదు. ఆ రోజు నా బండి బుద్ధిగా నడిచిందని మెచ్చుకున్నారు.

పొద్దున కూర్చున్నాను. ఎడమ కిటికీలో ఎవడో కొత్తవాడు, అద్దం ఎక్కించుకుని ఉన్నాడు. కుడి కిటికీలో బియ్యం డబ్బా తప్ప ఎవరూ కనపడలేదు. నా సీటు కింద భూదేవత్త గిన్నె ఒకటి, పెదనాన్న టిఫిను మూత ఒకటి. అందరి గిన్నెలూ ఎవరెవరి బండ్లలోనో ఉండిపోయాయి. నాకు కోపం రాలేదు. అదే వింతగా ఉంది. గిన్నెనూ మూతనూ తువ్వాలతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను.

నమోదు 21

నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న నా ఉద్యోగమే అక్కరకొచ్చింది! ఎవరి స్లాటు ఏదైనా, ఏదో ఒక వేళ బ్యాటరీ మార్చుకోక తప్పదు. అందరూ మా అడ్డాకు రావాల్సిందే.

డ్యూటీ చీకటిపడేదాకా పొడిగించుకున్నాను. వచ్చిన బండి తలుపు తట్టి, "మావాళ్ల గిన్నెలు ఏమన్నా ఉన్నయా?" అని అడుగుతాను. అడ్డా గోడకు ఒక చెక్క బల్ల కొట్టి, పేర్లు చూసి పెడుతున్నాను. ఎవరిది వాళ్లకు అందిస్తున్నాను. ఏ గిన్నె కూడా ఖాళీగా లేదు. బండ్లలో అన్ని రోజులు పడి ఉన్నా, ఇచ్చేముందు ఏదో ఒకటి వేసి ఇస్తున్నారు. ఒకామె ఏమీ లేక తలలోంచి రెండు కనకాంబరాలు తీసి వేసింది.

పెదనాన్న రెండు చెంపలూ నున్నగా గీసుకుని వచ్చాడు. ఎండలో నురగ ఆరిపోతోందట. అంతకుమించి ఫిర్యాదు లేదు.

నమోదు 22

యూటర్న్ ఇంకా ముందుకు జరిగింది. దాటే చోటు ఇంకా రాలేదు. సంఘం పని సంఘానిదే, వదలను. కరపత్రం తిరగరాస్తున్నాను. మొదటి వాక్యం కొట్టేశాను. ఇప్పుడు "కిటికీ బంధువులారా" అని మొదలవుతుంది. తర్వాతి వాక్యం ఇంకా కుదరలేదు.

నమోదు 23

నిన్న ఎడమ కిటికీ కొత్తవాడి అద్దం కొట్టాను. దించాడు. భూదేవత్త గిన్నెలో బాలింత అక్క కోసం చేసిన కాయం ముద్దలు పెట్టి ఇచ్చాను. పాప పుట్టిందని చెప్పాను.

"ఎవరి గిన్నె ఇది?" అన్నాడు.

"మా అత్తది. నీ చోటు ఆమెదే."

"తిని ఏం జెయ్యాలె?"

"ఖాళీగా ఇయ్యకు. అంతే."

ఈ రోజు గిన్నె తిరిగి వచ్చింది, నిండా ఉడికిన పల్లికాయతో. ఇంకా వెచ్చగా ఉంది. అడ్డాలో పెట్టుకుని, అత్త బండి వచ్చేదాకా ఒక్క గింజ ముట్టుకోకుండా కాపాడాను.

అత్త ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది. నమిలింది. మిషన్ మీద పాపకు కుడుతున్న చిన్న జుబ్బా ఉంది, కాలరు తిప్పి కుట్టినది.

"ఉప్పు ఎక్కువేసిండు," అంది. ఇంకోటి ఒలిచింది. "ఎవడురా వాడు? మనకేం వరసైతడు?"